తరిమే కుక్క కాదు, తిరిగొచ్చే కుక్క

పోయిన సంచికలో వేట కుక్కల గురించి నాలుగు మాటలు రాశాను, దానికి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చూశాక ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. పలమనేరు నుంచి వచ్చిన ప్రశ్నే మిగతావాటన్నిటికీ మూలం, కాబట్టి ముందు అది, జవాబు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: సార్, మాది పలమనేరు దగ్గర పల్లె. మా అక్క కొడుకు టెక్సాస్‌లో ఉండాడు, ఫ్రెండ్స్‌తో కలిసి కయోటీల వేటకి పోతా ఉంటాడంట, మొన్న ఒక వీడియో పంపించినాడు. అందులో పసుపు పచ్చటి కుక్క ఒకటి పొదల్లోకి పోయి రెండు కయోటీలని వెంటేసుకోని మళ్లీ వీళ్ల దగ్గరికే పరిగెత్తుకోని వచ్చింది. డికాయ్ డాగ్, అంటే ఎర కుక్క అంటారంట. అది భయపడి పారిపోయి వచ్చిందా, లేకపోతే నేర్పించినారా? వాడు కూడా ఒక పిల్లని కొనుక్కోవాలంటా ఉండాడు, ఏమేం చూసి తీసుకోమని చెప్పేది?

జవాబు: ముందు కయోటీ సంగతి చెప్తా, అది తెలియకుండా కుక్క సంగతి అర్థం కాదు. కయోటీ మన నక్క కన్నా పెద్దది, తోడేలు కన్నా చిన్నది, మామూలుగా 9 నుంచి 20 కిలోల లోపు ఉంటుంది, అలాస్కా నుంచి పనామా దాకా ఎక్కడైనా బతికేస్తుంది. ఆడా మగా జంటగా ఉంటాయి, జనవరి నుంచి మార్చి లోపల జతకడతాయి, రెండు నెలలు గడిచాక ఏప్రిల్, మే ప్రాంతంలో బొరియలో పిల్లల్ని పెడతాయి. ఇక అక్కడి నుంచి పిల్లలు పెద్దయ్యేదాకా తమ ఇలాకాలో ఇంకో కుక్కజాతి జంతువు అడుగు పెడితే ఒప్పుకోవు, రెండూ కలిసి మీదికొచ్చి పొలిమేర దాటించేదాకా వదలవు. డికాయ్ కుక్కతో చేసే వేట మొత్తం ఈ కోపం మీదే నడుస్తుంది. అక్కడ గొర్రెలు ఈనే కాలం కూడా ఇదే, పిల్లలకి మేత పెట్టాల్సిన కయోటీలు గొర్రెపిల్లల మీద ఎక్కువ పడతాయి, అందుకే పశ్చిమ రాష్ట్రాల్లో గొర్రెల రైతులు, వాళ్ల ప్రభుత్వ వ్యవసాయ శాఖ కింద పనిచేసే వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ వాళ్లు కూడా ఇలాంటి కుక్కల్ని వాడతారు.

ఇప్పుడు మీ ప్రశ్న, భయపడి వచ్చిందా నేర్పితే వచ్చిందా అని. భయం మాత్రం కాదు, సగం పుట్టుకతో వచ్చిన గుణం, సగం సాధన. ఆ వీడియో మళ్లీ ఒకసారి నిదానంగా చూడండి. కుక్క ముందుకెళ్లి ఎదురుపడగానే కయోటీ వీపు గూనిలా ఎత్తి, తోక దించి, నోరు బార్లా తెరిచి నిలబడుతుంది, కుక్క మొరుగుతుంది కానీ మీదపడి కరుచుకోదు, కయోటీ ఒక అడుగు వేసేసరికి గిరుక్కున తిరిగి యజమాని వైపు పరుగు తీస్తుంది, అయితే తల మాత్రం పక్కకి తిప్పి వెనకాల వస్తున్నాయా లేదా చూసుకుంటూనే ఉంటుంది. కయోటీలు ఆగితే ఇదీ ఆగుతుంది, మళ్లీ వాటి వైపు నాలుగు దూకులు వేసి ఉడికించి మళ్లీ వెనక్కి. ఇట్ల ముందుకీ వెనక్కీ ఆడుకుంటూ వాటిని వేటగాళ్లు కూర్చున్న చోటికి లాక్కొస్తుంది, వాటి చూపంతా కుక్క మీదే ఉంటుంది కాబట్టి పక్కనే మనిషి కదిలినా పట్టించుకోవు. భయపడిన కుక్క ఇట్ల చెయ్యదు, అది తోక కాళ్ల సందున పెట్టుకుని నేరుగా బండి కిందికి దూరుతుంది, దాని వెనకాల కయోటీ వంద గజాలు వచ్చి ఆగిపోతుంది.

కాబట్టి నా లెక్కలో మొదటి లక్షణం తిరిగి రావడం. ధైర్యం, పరుగు, ముక్కు అన్నీ దీని తర్వాతే. చానామంది కుర్రాళ్లు రోషం ఎక్కువున్న కుక్క కావాలంటారు, పట్టుకుంటే వదలని కుక్క అని గొప్పగా చెప్పుకుంటారు, కానీ ఈ పనికి అది పనికిరాదు. పట్టుకుని వదలని కుక్క ఒక కయోటీతో కలబడి దొర్లుతుంటే రెండోది వెనక నుంచి తొడలు కొరికేస్తుంది, పైగా కుక్కా కయోటీ కలిసిపోయి ఉంటే తుపాకి పేల్చడానికే లేదు. అట్లని పిరికిది కూడా కుదరదు, రెండు కయోటీలు ఒక్కసారిగా మీదికొస్తే తట్టుకుని నిలబడి, అవసరమైతే ఎదురు తిరిగి, ఒక కాటు తిన్నా మర్నాడు మళ్లీ ఉత్సాహంగా బయలుదేరే గుండె ఉండాలి. ఈ రెండిటి మధ్య తూకం కుదిరిన కుక్క అరుదు, దొరికితే వాళ్లు అమ్మరు కూడా.

రెండోది, మాట వినడం. ఇంట్లో బిస్కెట్ చూపిస్తే వచ్చే రకం వినడం కాదు. ఎదురుగా కయోటీ ఉండగా, రక్తం ఉడుకుతుండగా, విజిల్ వినిపిస్తే వెనక్కి తిరగాలి. అక్కడ చానామంది మెడకి రిమోట్ కాలర్ వేసి దాని బీప్ శబ్దానికే వెనక్కి రావడం నేర్పిస్తారు, విజిల్ గాలికి కొట్టుకుపోయినా బీప్ చెవి దగ్గరే మోగుతుంది కాబట్టి పని చేస్తుంది. కానీ ముందు తాడుతో, తిండితో పునాది వెయ్యకుండా నేరుగా కాలర్ కట్టి షాకులు ఇచ్చేవాళ్లని చూస్తే నాకు కడుపు మండిపోతుంది, కయోటీ కనిపించిన ప్రతిసారీ షాక్ తగిలితే కుక్కకి కయోటీ అంటేనే నొప్పి అని ముద్ర పడిపోతుంది, ఇక జన్మలో దాని దగ్గరికి పోదు, తప్పు మాత్రం కుక్క మీదికి నెట్టేస్తారు.

దీంతోపాటే ఇంకోటుంది, దూరం. మరీ దూరం పోయే కుక్క ఈ పనికి చేటు, కొండ అవతలికి పోయి అక్కడ కయోటీలతో ఏం చేసుకుంటుందో ఎవరికీ కనపడదు, సాయం చెయ్యడానికీ లేదు. కనుచూపు మేరలో తిరుగుతూ, అప్పుడప్పుడూ తల తిప్పి యజమాని ఎక్కడున్నాడో చూసుకునే కుక్క మేలు. ఇది పిల్లప్పుడే తెలిసిపోతుంది, పొలంలో వదిలితే పది అడుగులు పోయి వెనక్కి తిరిగి మీ మొహం చూసే పిల్ల ఉంటుంది, అసలు మీరున్నారనే గుర్తే లేకుండా పోయే పిల్ల ఉంటుంది. మీ మేనల్లుడిని మొదటి రకం పిల్లని తీసుకోమనండి.

దారిలో జింక కనపడినా, కుందేలు లేచినా, పక్క రైతు దూడలు కనపడినా వాటి వెంట పడకూడదు. గొర్రెల్ని కాపాడటానికి తెచ్చిన కుక్క గొర్రెల్నే తరిమితే ఇంకేం కాపాడినట్టు, ఆ రైతు రెండోసారి గేటు తియ్యడు.

సైజు గురించి అడగకపోయినా చెప్తా, ఎందుకంటే మనవాళ్లు కుక్క అనగానే ఎంత ఎత్తుంది అని చూస్తారు. ఇక్కడ 14 నుంచి 23 కిలోల మధ్య ఉన్న కుక్క సరిపోతుంది. మరీ పెద్దదైతే కయోటీలు జంకి దగ్గరికే రావు, దూరంగా నిలబడి అరిచి పోతాయి, మరీ చిన్నదైతే అవి దాన్ని చంపేయగలవు. కయోటీకి ఈ కుక్కని మనం తరిమేయొచ్చు అనిపించాలి, కానీ నిజంగా కలబడితే కుక్క నిలదొక్కుకోవాలి. రంగు తెల్లదో, లేత పసుపుదో, మచ్చలదో అయితే మంచిది, ఎండిన గడ్డిలో కయోటీ బూడిద గోధుమ రంగు కలిసిపోతుంది, కుక్క కూడా అదే రంగుదైతే తుపాకి పట్టినవాడు ఒక్క క్షణం పొరబడినా కుక్క పోతుంది. అందుకే టెక్సాస్ రాష్ట్ర కుక్కగా 2005లో ప్రకటించిన బ్లూ లేసీ ఎంత పనిమంతురాలైనా ఆ ఇనుపబూడిద రంగుదాన్ని తీసుకుంటే మెడకి మెరిసే నారింజ రంగు పట్టీ తప్పనిసరి అంటాను. బొచ్చు పొట్టిగా దట్టంగా ఉంటే ముళ్లు, గడ్డి గింజలు తక్కువ పట్టుకుంటాయి, పాదాల మెత్తలు గట్టిగా ఉండాలి, పొద్దున్నుంచి నాలుగైదు చోట్ల దించి ఎక్కించి పని చేయించినా దమ్ము ఉండాలి.

జాతి అడిగితే, డికాయ్ డాగ్ అని ప్రత్యేకంగా ఒక జాతంటూ లేదు. అక్కడ ఎక్కువగా కర్ అనే రకం కుక్కల్ని వాడతారు, మౌంటెన్ కర్, బ్లాక్ మౌత్ కర్, వీటికి జంతువుని నిలబెట్టి మొరిగే అలవాటు ఉంటుంది, మీ వీడియోలో పసుపు పచ్చ కుక్క బహుశా ఆ రక్తమే అయి ఉంటుంది. జాగ్ టెరియర్ అనే జర్మన్ వేట కుక్క రక్తం కలిపి కూడా పెంచుతారు, కాకపోతే దానికి తెగువ అవసరానికి మించి ఉంటుంది. లూసియానా వాళ్ల కాటహూలా కూడా వాడతారు, అయితే దాన్ని తీసుకుంటే ఒక జాగ్రత్త. బూడిద మచ్చల రంగు, అంటే మెర్ల్ రంగు, తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఉంటే పిల్లల్లో కొన్ని పుట్టు చెవుడుతో, గుడ్డితనంతో పుడతాయి. చెవుడున్న కుక్కకి తిరిగి రమ్మని ఎట్ల చెప్పేది? అందుకే పిల్ల వెనకాల నిలబడి చప్పట్లు కొట్టి ఒక్కో చెవీ తిప్పుతుందా చూడమనండి, అనుమానం ఉంటే అక్కడ వెటర్నరీ హాస్పిటల్స్‌లో బేర్ అనే వినికిడి పరీక్ష చేస్తారు, చేయించమనండి.

అన్నిటికన్నా నమ్మకమైనది, తల్లీ తండ్రీ ఈ పని చేస్తుంటే వెళ్లి కళ్లారా చూడటం. పిల్లని నమ్మి కొనడం కన్నా తల్లిని చూసి కొనడం నయం. తెచ్చాక తొందరపడకూడదు, ఎదుగుతున్న పిల్లని పనిలో పండిన పెద్ద కుక్క పక్కన తిప్పితే సగం విద్య అదే నేర్పుతుంది, బుద్ధి కుదిరేసరికి రెండేళ్లు వచ్చేస్తాయి. ఒంటరిగా ఉన్న పిల్లని మొదటిసారే బొరియ దగ్గర జంట కయోటీల మీదికి వదిలితే ఆ దెబ్బకి జీవితాంతం బెదిరిపోతుంది. టెక్సాస్‌లో కయోటీ వేటకి సంవత్సరం పొడుగునా సీజన్ ఉన్నా లైసెన్స్ ఉండాలి, భూమి యజమాని ఒప్పుకోవాలి, వేరే రాష్ట్రానికి పోతే అక్కడ కుక్కల రూల్స్ వేరే ఉంటాయి, అవి చూసుకోమనండి.

ప్రశ్న: అన్నా, కయోటీల పనికి మన రాజపాళయం, చిప్పిపారై పనికిరావా? మనవాటిని మించిన వేట కుక్కలు యాడుండాయి? (చిత్తూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ అభిమానం నాకూ ఉంది తమ్ముడూ. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కల మీద స్టాంపులు వేసినప్పుడు రాజపాళయం, ముధోల్ బొమ్మలు చూసి ఎంత సంతోషపడ్డానో. కానీ ఈ పనికి మాత్రం అవి సరిపోవు, అది వాటి లోపం కాదు, వాటిని తరతరాలుగా పెంచిన పని వేరు. చిప్పిపారై, ముధోల్ లాంటివి కంటితో చూసి పరుగెత్తే రకం, కుందేలు లేచిందంటే ఇక వెనక ప్రపంచమే ఉండదు, దాన్ని అందుకునేదాకా నేరుగా పోవడమే, పిలిస్తే వినిపించదు. డికాయ్ కుక్కకి కావాల్సింది సరిగ్గా దీనికి ఎదురు, ఎదుటి జంతువు తనని తరిమేలా చేసుకోవడం. రాజపాళయం ఎత్తు, తెలుపు రంగు బాగానే కనపడతాయి కానీ అంత పెద్ద కుక్కని చూస్తే కయోటీ దగ్గరికి రాదు, వచ్చినా ఇది పట్టుకుంటుందే కానీ వెనక్కి తిరగదు. పైగా టెక్సాస్ దాకా పంపించాలంటే కుక్కకి ఎంత హింస. మనవాటిని ఇక్కడే బాగా చూసుకుందాం, ఇళ్లలో గొలుసుకి కట్టేసి పడేసిన రాజపాళయాలు ఎన్నో, వాటికి రోజూ ఒక గంట పరుగు దొరికితే అదే పెద్ద మేలు.

ప్రశ్న: మా కుక్కకి టపాకాయ శబ్దం వింటే వణుకు, దీపావళికి మంచం కింద నుంచి రాదు. వేట కుక్కలు తుపాకి శబ్దానికి ఎట్ల ఓర్చుకుంటాయి? (పుత్తూరు)

జవాబు: వాటికి కూడా ఓర్పు పుట్టుకతో రాదు, నిదానంగా అలవాటు చేస్తారు. పిల్ల మంచి ఆకలితో తింటుండగా చానా దూరంలో ఒక చిన్న శబ్దం, స్టీలు పళ్లెం మీద గరిటెతో తట్టినంత, అది పట్టించుకోకుండా తింటుంటే తర్వాతి వారం కొంచెం దగ్గర, ఎప్పుడైనా తినడం ఆపి తల ఎత్తి చెవులు వెనక్కి వేసిందంటే మళ్లీ దూరం. తొందరపడి పక్కనే తుపాకి పేల్చి చూద్దాం అనుకున్నవాళ్ల కుక్కలే తుపాకి చూస్తే పారిపోయే కుక్కలవుతాయి. మీ కుక్కకి ఇప్పటికే భయం పట్టేసింది కాబట్టి పండగకి రెండు మూడు నెలల ముందు నుంచే ఫోన్‌లో టపాకాయల శబ్దం బాగా తక్కువ సౌండ్‌తో పెట్టి, అదే టైంలో ఇష్టమైనది తినిపించండి. పండగ రోజు కిటికీలు మూసిన లోపలి గదిలో ఫ్యాన్, టీవీ పెట్టి మీలో ఒకరు దానితో ఉండండి, మంచం కింద దాక్కుంటే లాగకండి, అది దానికి ధైర్యమిచ్చే చోటు. మరీ వణికి నోట్లోంచి చొంగ కారుతుంటే డాక్టర్ దగ్గర ముందే మందు రాయించుకోండి, మనుషులకి వాడే నిద్రమాత్రలు మాత్రం వెయ్యకండి.

ప్రశ్న: నమస్తే సార్, మాది చంద్రగిరి. ఏడాదిన్నర మగ కుక్క, ఇంట్లో బంగారం, బయట గేటు దాటితే కోతుల వెంట, పందుల వెంట పడి కొండ వైపు పోతుంది, గొంతు పోయేలా అరిచినా రాదు. వచ్చాక నాలుగు తగిలిస్తాను, అయినా మారలేదు.

జవాబు: అమ్మా, వచ్చాక కొడుతున్నారు కాబట్టే రావడం లేదు. పోయినందుకు దెబ్బలు పడ్డాయని దానికి తెలియదు, వచ్చినందుకు పడ్డాయనే తెలుస్తుంది. ఈ రోజు నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా, ఒళ్లంతా బురద పూసుకొచ్చినా, దగ్గరికి రాగానే సంతోషంగా పలకరించి ఏదో ఒకటి పెట్టాలి, ఇది మీకు కష్టంగానే ఉంటుంది, అయినా చెయ్యాలి.

పది మీటర్ల నూలు తాడు ఒకటి కొనండి, నైలాన్ అయితే చెయ్యి కోసుకుంటుంది. మెడపట్టీకి కాకుండా ఛాతీకి వేసే హార్నెస్‌కి కట్టండి. కొత్త పిలుపు ఒకటి పెట్టుకోండి, విజిల్ అయితే ఇంకా మంచిది, ఎందుకంటే మీ పాత పిలుపు విని విని దానికి అర్థమే పోయింది. మొదటి వారం ఇంట్లోనే, విజిల్ ఊదిన వెంటనే ఉడికించిన కోడి కార్జం ముక్క, వస్తుందా రాదా అనే పరీక్షలేం వద్దు, శబ్దానికీ కార్జానికీ ముడి పడాలి అంతే. తర్వాత మిద్దె మీద, తర్వాత తాడు కట్టి వేరుశనగ పీకేసిన ఖాళీ చేనిలో. తాడు నేల మీద వదిలి నడవండి, కుక్క ఏదో వాసన పట్టుకుని తల దించినప్పుడు ఒక్కసారి ఊది మీరు వెనక్కి నాలుగు అడుగులు పరిగెత్తండి, నిలబడి పిలిచే మనిషి కన్నా దూరమయ్యే మనిషి వెంట కుక్క ఎక్కువగా పడుతుంది. రాకపోతే మళ్లీ మళ్లీ ఊదొద్దు, తాడు మెల్లగా అందుకుని దగ్గరికి నడిపించండి, వచ్చాక కార్జం. ఇంకో ముఖ్యమైన సంగతి, పిలిచిన ప్రతిసారీ గొలుసు వేసి ఇంటికి తీసుకుపోకండి, నాలుగుసార్లు పిలిచి తినిపించి మళ్లీ పొమ్మని వదలండి, అప్పుడు రావడం అంటే ఆట అయిపోవడం కాదని అర్థమవుతుంది. కయోటీ ముందు నుంచి వెనక్కి తిరిగే కుక్కకి కూడా పునాది ఇదే, వేరే మంత్రమేం లేదు.

కోతులు కనపడే చోట మాత్రం పిలుపు గట్టిపడేదాకా తాడు విప్పొద్దు. మీది శేషాచలం అంచు, చిరుతలకి కుక్క సులువైన ఆహారం, చీకటి పడ్డాక, తెల్లవారుజామున బయట వదలకండి, రాత్రి తలుపు లోపలే పడుకోబెట్టండి.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి పక్క పల్లె, గొర్రెలు మేపుకుంటా ఉండాం. ఈనిన పిల్లల్ని నక్కలు ఎత్తకపోతా ఉండాయి. అమెరికాలో మాదిరి మనం కూడా కుక్కని పెట్టి నక్కల్ని లాగి కొట్టేస్తే ఏమన్నా? ఎట్లాంటి కుక్క కావాల?

జవాబు: అన్నా, మీ బాధ నాకు అర్థమవుతుంది, పాలు తాగే పిల్ల పోతే ఆ తల్లి రాత్రంతా అరుస్తుంటే వినేవాడికి తెలుసు. కానీ ఈ పని మన దగ్గర చెయ్యకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, వేటంటే చంపడం ఒక్కటే కాదు, పట్టడం, తరమడం, ఉచ్చు పెట్టడం, ఎర వెయ్యడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. 2022లో చట్టం మార్చినప్పుడు నక్కని మొదటి షెడ్యూల్‌లోకి, అంటే అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలోకి తెచ్చారు, ఆ షెడ్యూల్ జంతువుని వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. విషం పెట్టడం ఇంకా ఘోరం, దానికి నక్కతో పాటు మీ కుక్కలు, పక్కవాళ్ల ఆవులు, గద్దలు అన్నీ బలవుతాయి.

చట్టం పక్కన పెట్టినా, ముందు నిజంగా నక్కేనా చూడండి. నక్క చిన్న జంతువు, పుట్టిన పిల్లని గొంతు పట్టి ఎత్తుకుపోతుంది, ఒకటి పోతే మిగతావి మామూలుగా ఉంటాయి. పొద్దున్నే చూస్తే నాలుగైదు గొర్రెలకి తొడలు, పొట్ట, చెవులు చీరేసి, తినకుండా వదిలేసి ఉంటే అది చానాసార్లు ఊరకుక్కల గుంపు పని. కోళ్ల వ్యర్థాలు పారేసే దిబ్బల దగ్గర గుంపులు కట్టినవే రాత్రి మందల మీద పడతాయి, నింద మాత్రం నక్క మీద పడుతుంది. నక్క మీ చేనిలో ఎలుకల్ని తింటుంది, వేరుశనగ, వరి వేసే వాళ్లకి అది చేసే మేలు కళ్లకి కనపడదు.

మీకు కావాల్సింది డికాయ్ కుక్క కాదు, మంద కుక్క, దాని గుణం పూర్తిగా వేరే. డికాయ్ కుక్క ముందుకు పోయి లాక్కురావాలి, మంద కుక్క మందని వదిలి పోకూడదు, నక్క పారిపోయినా నాలుగు అడుగులు మొరిగి వెనక్కి వచ్చి గొర్రెల మధ్యనే పడుకోవాలి. దీనికి విదేశీ జాతి అక్కర్లేదు, మీ ఊరి నాటు కుక్క పిల్లే చాలు, అయితే కళ్లు తెరిచి పాలు మరిచే వయసులోనే తెచ్చి దొడ్డిలో గొర్రెల పక్కనే పెంచాలి, మీ ఇంటి పిల్లలతో ఆటలాడించి సోఫా అలవాటు చేస్తే అది మనుషుల కుక్క అయిపోతుంది. గొర్రెపిల్లల్ని తరమడం మొదలుపెట్టిన రోజే గదమాయించి ఆపాలి. మన కాపర్లు ముందు నుంచీ మెడకి వేసే ముళ్ల పట్టీ వెయ్యండి, గొంతుకి రక్షణ.

దొడ్డికి కంప మూడు అడుగులు వేసి వదిలేస్తున్నారు, నక్క కింద సందు చూసి దూరుతుంది, పై నుంచి దూకడం తక్కువ. కంప అడుగున జానెడు లోతు తవ్వి పాత చైన్‌లింక్ మెష్ ముక్క పూడ్చండి. ఈనే గొర్రెల్ని, వారం లోపు పిల్లల్ని వేరుగా ఇంటికి దగ్గర్లో, రేకు కింద కట్టండి, ఎందుకంటే పోయేది ఎక్కువగా ఆ వయసు పిల్లలే. ఈనినప్పుడు పడే మాయ, చచ్చిన పిల్లలు దొడ్డి పక్కనే పారేస్తే నక్కకి మీరే అడ్రస్ ఇచ్చినట్టు, లోతుగా పూడ్చిపెట్టి సున్నం చల్లండి. కుక్కల గుంపు అని తేలితే పంచాయతీలో చెప్పి ఆ వ్యర్థాల దిబ్బ తీయించే పని ముందు చూడండి.

ప్రశ్న: తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను. ఇన్‌స్టాలో ఆ కయోటీ వీడియోలు చూసి ఏడుపొచ్చింది. కుక్కని ఎరగా పెట్టడం క్రూరత్వం కాదా? మీరు దాన్ని మెచ్చుకుంటారా?

జవాబు: సూటిగా అడిగావు తల్లీ, నేనూ సూటిగానే చెప్తాను. గొర్రెల రైతు తన మంద పక్కన బొరియ పెట్టిన జంట మీద, తప్పనిసరై, తర్ఫీదు ఉన్న కుక్కతో చేసే పనిని నేను అర్థం చేసుకోగలను. లైకుల కోసం కుక్కనీ కయోటీనీ కొట్లాట పెట్టి, రక్తం కారుతుంటే ఫోన్ పట్టుకుని నవ్వేవాళ్లని మాత్రం క్షమించలేను. మంచి డికాయ్ కుక్క పనిలో కాట్లు తక్కువే ఉంటాయి, ఎందుకంటే అది కలబడదు, తిరిగొస్తుంది. ఎక్కువ కాట్లు పడుతున్నాయంటే కుక్క ఎంపికో, తర్ఫీదో, యజమాని బుద్ధో ఏదో తప్పింది. బాధ్యత ఉన్నవాళ్లు కుక్కకి ఛాతీ, పొట్ట కప్పే గట్టి జాకెట్ వేస్తారు, జీపీఎస్ కాలర్ కడతారు, కుక్క పక్కకి తప్పుకునేదాకా ట్రిగ్గర్ ముట్టుకోరు, రేబిస్, డిస్టెంపర్, పార్వో టీకాలు వేయిస్తారు, పని అయ్యాక ఒళ్లంతా తడిమి చూస్తారు, ఎందుకంటే కయోటీల నుంచి గజ్జి కూడా కుక్కలకి అంటుకుంటుంది.

నీ ఏడుపుకి ఇంకో కారణం కూడా ఉంది, అది నువ్వు రాయకపోయినా నాకు తెలుస్తోంది. పిల్లలున్న కాలంలో తల్లినీ తండ్రినీ చంపితే బొరియలో పిల్లలు ఆకలికి చచ్చిపోతాయి. ఈ పద్ధతిలో నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఇదే, గొర్రెలు పోతున్న రైతుకి వేరే దారి లేనప్పుడు తప్ప సరదాకి ఆ నెలల్లో వేట చెయ్యకూడదనే నా అభిప్రాయం. పలమనేరు అన్న మేనల్లుడికి కూడా ఇదే మాట చెప్తున్నా, ఈ కాలమ్ చదివితే ఆలోచించమనండి.

ప్రశ్న: పుంగనూరు దగ్గర మా తోటలోకి పట్టపగలు నక్క వచ్చి మా కుక్కని కరిచి పోయింది, విడిపించబోయిన మా నాయన చేతికి కూడా గోరు గీరుకుంది. పసుపు పెట్టినాం. ఏమన్నా అవుతుందా?

జవాబు: ఇది చదివే వరకు ఆగి ఉండరనే ఆశతో మీ నంబర్‌కి వెంటనే ఫోన్ చేసి చెప్పాను, మిగతావాళ్ల కోసం మళ్లీ రాస్తున్నా. పట్టపగలు మనుషుల్ని లెక్కచెయ్యకుండా వచ్చి కరిచే నక్కకి రేబిస్ ఉందనే అనుకోవాలి. పసుపు, సున్నం, కారం, ఆకు పసరు ఏదీ పెట్టొద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసి మరీ, ఎందుకంటే మనకి రెండు నిమిషాలే పదిహేను అనిపిస్తుంది. అదే రోజు ఆస్పత్రికి పోవాలి, రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు గాయం చుట్టూ రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షన్ కూడా వెయ్యాలి, అది దొరకలేదంటే పెద్ద ఆస్పత్రికి పంపించమని పట్టుబట్టండి. టీకా డోసులు అన్నీ పూర్తి చెయ్యాలి, నొప్పి తగ్గింది కదా అని మధ్యలో మానకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం.

కుక్కని ఒట్టి చేతుల్తో ముట్టుకోకుండా గ్లవ్స్ వేసుకుని గాయం కడిగి, పశువుల డాక్టర్‌కి చూపించి, ఇంతకుముందు టీకా వేయించిన కార్డు ఉంటే పట్టుకుపోండి, దాన్ని బట్టే ఆయన టీకాలు, విడిగా ఎన్నాళ్లు కట్టేసి గమనించాలో చెప్తారు. నక్క చచ్చి పడి ఉంటే ముట్టుకోకుండా ఫారెస్ట్ వాళ్లకి ఫోన్ చెయ్యండి.